తంగేడు చెక్క, గేదె తోలు

బతుకమ్మ పండగ వచ్చిందంటే చెలకలూ గట్లూ గాలించి తంగేడు పువ్వు కోసుకొస్తాం. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం కూడా. పువ్వుకు వచ్చిన పేరు ఆ మొక్క బెరడుకు రాలేదు గానీ, పనికొచ్చిన లెక్క తీస్తే బెరడుదే పైచేయి. పందొమ్మిదో శతాబ్దం నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి లండన్ చేరిన తోళ్లలో చాలా భాగం ఈ తంగేడు చెక్కతో పదునైనవే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ సైన్యానికి బూట్లు కుట్టించడానికి సర్కారు ఆ తోళ్లనే ఏరికోరి కొన్నది. మన పల్లెల్లో మోటబావి తొండానికీ, ఎడ్ల మెడ వార్లకూ, రైతు కాలి చెప్పులకూ తోలు అందించింది కూడా ఈ చెక్కే.

ఆ చెక్కతో ఇంటి పెరట్లో ఒక పెద్ద గేదె తోలును పదును చేయడం ఎలాగో ఈ పూట చెప్పుకుందాం. మేక తోలో గొర్రె తోలో అయితే ఎవరైనా తంటాలు పడి గట్టెక్కవచ్చు. ఈ పనిలో ఉన్న తెలివి తోలు మందంగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

మన దగ్గర ఈ విద్య మాదిగ కుటుంబాల చేతుల్లో బతికింది. ఇంటి పక్కనో వాడ చివరనో లంద ఉండేది. లంద అంటే తోళ్లు నానేసే తొట్టి. పెద్ద కాగు కావచ్చు, రాతి తొట్టి కావచ్చు, గచ్చు చేసిన గుంట కావచ్చు. ఊరికి ఆ లంద కంపు తెలుసు. లందలో ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కంచ ఐలయ్య తన 'పోస్ట్ హిందూ ఇండియా' పుస్తకంలో ఈ పనివాళ్లను శాస్త్రవేత్తలన్నారు. అది ఉత్త పొగడ్త అనుకునేవాళ్లు ఈ ప్రసంగం పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి.

ముందు పశువు సంగతి చూడాలి. మనం మాట్లాడుతున్నది తనంతట తాను చనిపోయిన పశువు తోలు గురించి. చచ్చిన ప్రతి పశువు మీదా కత్తి పెట్టకూడదు. కడుపు విపరీతంగా ఉబ్బి, ముక్కులోంచో మలద్వారంలోంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతూ, కట్టె బిగుసుకోకుండా ఉంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అయి ఉండవచ్చు. అలాంటి కళేబరాన్ని ముట్టుకోవద్దు, కోయనేవద్దు. దాని క్రిములు గాలి తగిలితే గట్టి బీజాలుగా మారి మట్టిలో పదుల ఏళ్లు బతుకుతాయి. తోలు తీసినవాడికి చేతి మీద నల్లటి పుండుతో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. పశువైద్యుడికి కబురు పెట్టి, లోతుగా గుంట తీయించి, సున్నం పోసి పూడ్పించడం ఒక్కటే దారి. వేరే ఏ జబ్బుతో చనిపోయినా సరే, డాక్టరు చూసి సరే అన్నాకే తోలు తీయాలి.

ఆ డాక్టరు దగ్గరే ఒక కాగితం రాయించుకోండి. పశువు మామూలుగానే చనిపోయిందని ఉంటే చాలు. ఆవుల వధను నిషేధించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చింది. చచ్చిన పశువు తోలు తీయడం దాని కిందికి రాదు. అయినా 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల మీద గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు దాడి చేశారు. ఆ పశువును తీసుకుపొమ్మన్నది దాని యజమానే. కాబట్టి కాగితం దగ్గర పెట్టుకోవడం మంచిది. ఇక జింక తోలు, దుప్పి తోలు లాంటి అడవి జంతువుల తోళ్ల జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. అడవిలో చచ్చి పడి ఉంటే తెచ్చానన్నా వినరు.

ఎదిగిన గేదె పచ్చి తోలు 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఇద్దరు పడితే గానీ లేవదు. తీసేటప్పుడు కత్తి పని ఎంత తగ్గిస్తే అంత మంచిది. కడుపు మీద నిలువుగా ఒక గాటు, కాళ్ల లోపలి వైపు నాలుగు గాట్లు పెట్టాక, పిడికిలి బిగించి తోలుకూ కండకూ మధ్య నెడుతూ పోవాలి. తొందరపడి కత్తితో గీరితే లోపలి వైపు గాట్లు పడతాయి. అప్పటికి అవి కనపడవు. తోలు పదునై, సాగదీసిన రోజున ప్రతి గాటూ ఒక బొక్కై కనిపిస్తుంది.

మన ఎండలకు పచ్చి తోలు కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలుపెడుతుంది. అదే రోజు పని మొదలుపెట్టలేకపోతే ఉప్పు పట్టించాలి. తోలు బరువులో 40 శాతం, అంటే 25 కిలోల తోలుకు 10 కిలోల గల్లుప్పు. మాంసం వైపు పైకి పెట్టి, వాలుగా పరిచి, అంచులు, మెడ మడతలు ఎక్కడా వదలకుండా రుద్దాలి. ఉప్పు తోలులోని నీటిని లాగేస్తుంది. ఆ నీరు కిందికి జారిపోవాలి గానీ తోలు కింద నిలవకూడదు. ఉప్పు పట్టించిన తోలును తర్వాత ఒక రోజంతా మంచినీళ్లలో నానేసి, నీళ్లు రెండు మూడుసార్లు మారిస్తే మళ్లీ పచ్చి తోలంత మెత్తనవుతుంది.

ఆ తర్వాత సున్నం. ఇక్కడి నుంచే అసలు కథ.

గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా ఫరవాలేదు. 25 కిలోల తోలుకు రెండు, రెండున్నర కిలోల సున్నాన్ని నీళ్లలో వేసి, పొంగి చల్లారాక, వంద లీటర్ల నీళ్లలో కలపాలి. చాలామందికి వచ్చే అనుమానం ఏమిటంటే, సున్నం ఎక్కువైతే తోలు కాలిపోదా అని. కాలదు. సున్నం నీళ్లలో కరిగేదే చాలా తక్కువ, లీటరుకు రెండు గ్రాములైనా కరగదు. మిగతాది అడుగున కూర్చుంటుంది. పైనున్నది ఖర్చవుతున్న కొద్దీ అడుగున ఉన్నది కరుగుతూ వస్తుంది. ఇంతకన్నా నమ్మకమైన రసాయనం పల్లెటూరి మనిషికి దొరకదు. అందుకే తోలును ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పైకి తీసి, నీళ్లను కర్రతో కలియబెట్టి మళ్లీ వేయాలి. కదపకుండా వదిలేస్తే తోలు ఒకచోట ఊరి, ఒకచోట ఊరదు.

సున్నం చేసే పని రెండు రకాలు. తోలు పైపొరనూ, వెంట్రుకల కుదుళ్లనూ వదులు చేస్తుంది. లోపలి పీచును ఉబ్బించి విడదీస్తుంది. ఈ రెండో పని లేకపోతే తర్వాత చెక్క నీళ్లు లోపలికి దిగవు. ఎండాకాలం ఐదారు రోజులు, చలికాలం ఎనిమిది నుంచి పది రోజులు. బొటనవేలితో నెడితే వెంట్రుక కుదురుతో సహా జారి రావాలి, లాగితే రావడం కాదు. అప్పుడు తోలును నున్నటి దుంగ మీద పరిచి, పదును లేని కత్తితో వెంట్రుక వాలుకు నెట్టాలి. తిరగేసి మాంసం వైపు మిగిలిన కండనూ కొవ్వునూ పదునైన కత్తితో తీసేయాలి. కొవ్వు మిగిలిన చోట చెక్క నీళ్లు పట్టవు. సున్నపు నీళ్లతో పనిచేసేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి, ఆస్పత్రికి వెళ్లాలి. చిన్నపిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వవద్దు.

డప్పు తోలు ఇక్కడితో ఆగిపోతుంది, అది చెక్క నీళ్ల దాకా రాదు. వెంట్రుక తీసి, కడిగి, చట్రానికి బిగించి ఆరబెడతారు. పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది, మోగదు. పచ్చి తోలైతేనే మంట ముందు కాస్త కాగగానే బిగిసి ఖంగున పలుకుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులు కూడా తోలును పదును చేయరు. పల్చగా గీకి ఆరబెడితే దీపం వెలుగు అందులోంచి దూసుకొస్తుంది. చెక్క నీళ్లలో పడిన తోలుకు ఆ పారదర్శకత ఉండదు. ఒకే తోలు డప్పవుతుందా, బొమ్మవుతుందా, చెప్పవుతుందా అన్నది ఏ మెట్టు దగ్గర ఆపారన్న దాన్ని బట్టే ఉంటుంది.

మనది చెప్పు తోలు కాబట్టి ముందుకు పోదాం. సున్నం తన పని చేశాక తోలులో మిగలకూడదు. నాలుగైదుసార్లు నీళ్లు మార్చి, తొక్కి, పిండి కడగాలి. తర్వాత పులిసిన తవుడు నీళ్లలో ఒకటి రెండు రోజులు వేయాలి. ఆ పులుపు లోపలి సున్నాన్ని విరగ్గొడుతుంది, ఉబ్బిన తోలు దిగి మెత్తబడుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండాలి. సున్నం పోయిందో లేదో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. మందంగా ఉన్న చోట, మెడ దగ్గర, చిన్న ముక్క కోసి, కోసిన అంచుకు పసుపు నీళ్లు రాయండి. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తామో అందరికీ తెలుసు కదా, పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. అంచు పసుపుగానే ఉంటే సున్నం పోయినట్టు. మధ్యలో ఎర్రటి గీత కనిపిస్తే ఇంకా మిగిలినట్టు. మళ్లీ తవుడు నీళ్లలోకి.

ఇక తంగేడు చెక్క. రెండు మూడేళ్లు ఎదిగిన కొమ్మల బెరడు మంచిది. కొమ్మలు నరికి, కొయ్య సుత్తితో మోది, బెరడు వలిచి, నీడన ఆరబెట్టి, ముక్కలుగా దంచాలి. ఎండు చెక్కలో దాదాపు ఐదో వంతు టానిన్ ఉంటుంది. టానిన్ అంటే ఏమిటో చెప్పడం కన్నా రుచి చూడటం తేలిక. చిన్న కరక్కాయ ముక్క నోట్లో వేసుకోండి. నాలుక బిగుసుకుపోయి, బుగ్గలు లోపలికి లాగినట్టు అవుతాయి. ఆ వగరు టానిన్ పనే. మీ లాలాజలంలోని మాంసకృత్తులను అది పట్టి బిగించేసింది. లందలో గేదె తోలుకు జరిగేదీ అచ్చంగా అదే. మీ నోట్లో నిమిషంలో అయింది, అక్కడ నెల పడుతుంది.

తోలులో ఉండే మాంసకృత్తు పేరు కొల్లాజెన్. దాని నిర్మాణం మూడు పేటల తాడులా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లోకానికి చెప్పారు. పచ్చి తోలులో ఈ పేటల మధ్య నీళ్లుంటాయి. ఆ నీళ్లలోనే క్రిములు చేరి కుళ్లబెడతాయి. టానిన్ ఆ నీళ్లను తోసేసి, పేటకూ పేటకూ మధ్య తాను కూర్చుని ముడివేస్తుంది. అంతటితో అది ఇక కుళ్లదు, ఎండితే అట్టకట్టదు. పచ్చి తోలును 60, 65 డిగ్రీల వేడి నీళ్లలో వేస్తే ముడుచుకుపోయి జిగురవుతుంది. అదే తోలు చెక్కతో పదునయ్యాక 75, 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అందుకే చెక్కను మరిగించి కషాయం తీసినా, పూర్తిగా చల్లారాకే తోలు అందులో వేయాలి. గోరువెచ్చగా ఉంది కదా అని తొందరపడితే నష్టం.

తోలెంత బరువో చెక్క అంతకు తగ్గకూడదు. మన 25 కిలోల తోలుకు 30 కిలోల ఎండు చెక్క పోగు చేసుకుని మొదలుపెట్టండి. అదంతా మొదటి రోజే లందలో పోస్తే మాత్రం తోలు దండగ. కొత్తవాళ్లందరూ దెబ్బతినేది ఇక్కడే. చిక్కటి చెక్క నీళ్లు తగిలిన మరుక్షణం తోలు పైపొర గట్టిపడి తలుపు మూసేసుకుంటుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నానినా లోపలికి ఒక్క చుక్క దిగదు. పైకి చూస్తే చక్కటి రంగు, లోపల పచ్చి. ఆరు నెలలకు ఆ చెప్పు అడుగు పొరలు పొరలుగా లేచిపోతుంది.

కాబట్టి పల్చటి నీళ్లతో మొదలుపెట్టాలి. మొదటి వారం, ఇంతకు ముందు తోళ్లు పదును చేసి సారం పోయిన పాత నీళ్లు. లందలున్న ఇళ్లలో ఆ పాత నీళ్లను పారబోసేవాళ్లు కాదు, కొత్త తోలుకు దాచేవాళ్లు. అందులో కొంచెం పులుపు కూడా చేరి ఉంటుంది, మిగిలిన సున్నం ఏమైనా ఉంటే అదీ విరిగిపోతుంది. మీకు పాత నీళ్లు లేకపోతే కొద్దిపాటి చెక్క వేసి పల్చగా తీయండి. మొదటి రెండు రోజులు గంటకొకసారి తోలును కదపాలి, లేకపోతే మడతలున్న చోట మచ్చలు పడతాయి. తర్వాత రోజుకు రెండుసార్లు చాలు. వారానికొకసారి చిక్కదనం పెంచుకుంటూ పోవాలి. చిక్కదనం ఎంతో నాలుక చివర పెట్టి చూస్తేనే తెలుస్తుంది. తోలు వేశాక వగరు తగ్గిందంటే తోలు తాగేసిందన్నమాట. కొత్త చెక్క వేయాలి.

లందకు మట్టి కాగు, సిమెంటు తొట్టి, ప్లాస్టిక్ డ్రమ్ము ఏదైనా వాడండి గానీ ఇనుము మాత్రం వద్దు. టానిన్‌కు ఇనుము తగిలితే నల్లటి సిరా తయారవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు నల్ల గీత గీసేది ఈ సూత్రంతోనే. గుడ్డకు ముందు కరక్కాయ పట్టించి, దాని మీద తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో గీస్తారు. వాళ్లకు కావలసిన నలుపు మనకు అక్కర్లేదు. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువున్నా తోలు బూడిద రంగుకు తిరుగుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే ఈ బాధ ఉండదు.

ఇలా లందలోనే ఉంచితే గేదె తోలుకు నెలన్నర దాకా పడుతుంది. కాలం తగ్గించడానికి మన పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికన్నా ముచ్చటేసేది అదే. రెండు వారాలు లందలో ఊరిన తోలును బయటికి తీసి, అంచులు కలిపి, ఆరెతో బొక్కలు పొడిచి, నారతో సంచిలా కుట్టేస్తారు. మెడ భాగం నోరుగా తెరిచి ఉంచుతారు. మూడు బలమైన గుంజలు పాతి, దాన్ని వేలాడదీసి, లోపల దంచిన చెక్క కూరి, చిక్కటి చెక్క నీళ్లు నిండా పోస్తారు. అప్పటిదాకా నీళ్లలో ఉన్న తోలులో ఇప్పుడు నీళ్లుంటాయి. వంద కిలోల పైచిలుకు బరువు లోపలి నుంచి తోస్తుంటే నీళ్లు తోలు మందాన్ని చీల్చుకుని బయటికి రావాల్సిందే. తోలు మీద చెమట పట్టినట్టు చుక్కలు లేస్తాయి, కింద పెట్టిన బానలోకి కారతాయి. బాన నిండగానే మళ్లీ సంచిలో పోయడం. పగలూ రాత్రీ ఇదే పని, ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ అందరూ వంతులు వేసుకునే పని. నాలుగైదు రోజులయ్యాక సంచిని తలకిందులు చేసి, రెండో కొసన నోరు తెరిచి మళ్లీ పోస్తారు, పైభాగానికి ఒత్తిడి తక్కువ పడుతుంది కాబట్టి. మొత్తం ఒక వారం, పది రోజులు. లందలో నెల పట్టేది ఇక్కడ మూడో వంతులో తేలిపోతుంది. తోలు అంచున కుట్టు బొక్కలు మిగులుతాయి, అంత భాగం కోసి పారేయాలి. ఆ నష్టం ఒక్కటే.

అయిందా లేదా ఎలా తెలుస్తుంది? రంగు చూసి మోసపోవద్దు. నడుము మీదో మెడ దగ్గరో, మందం ఎక్కువున్న చోట, తోలు కోసే రంపెతో చిన్న ముక్క కోసి అంచును వెలుతురుకు పెట్టి చూడండి. పైనుంచి కిందిదాకా ఒకే గోధుమ రంగు ఉంటే అయినట్టు. మధ్యలో వెంట్రుకవాసి తెల్లటి గీత, తడి మెరుపుతో, కనిపిస్తే ఇంకా పచ్చి ఉంది. ఆ గీత పోయేదాకా తోలు నీళ్లలోనే ఉండాలి. చెప్పు కొనేటప్పుడు అడుగు అంచును ఇలాగే చూసే పెద్దమనుషులు ఒకప్పుడు ఊరూరా ఉండేవారు.

చివర కరక్కాయ. తోలు ఒక్కదానికి రెండు మూడు కిలోల కరక్కాయలు గింజ తీసి, దంచి, నానబెట్టిన నీళ్లలో రెండు మూడు రోజులు ఉంచాలి. కరక్కాయలో టానిన్ 30 శాతం దాకా ఉంటుంది. అది ఇచ్చే బిగువు కన్నా ముఖ్యం ఇంకొకటుంది. ఒట్టి తంగేడు తోలు మొదట లేత పసుపుగా ముద్దొస్తుంది, కానీ వెలుతురు తగిలే కొద్దీ ఎర్రబడుతుంది. కరక్కాయ పట్టించిన తోలు అంత తేలిగ్గా ఎర్రబడదు. లండన్ వ్యాపారులు మద్రాసు తోలు రంగుకు డబ్బిచ్చారంటే ఈ కరక్కాయ పుణ్యమే.

కడిగి, నీళ్లు పిండి, ఇంకా తడి ఉండగానే నూనె రాయాలి. నువ్వుల నూనె, కానుగ నూనె, ఆముదం ఏదైనా పనికొస్తుంది. వెంట్రుక వైపు పలుచగా, మాంసం వైపు కాస్త ఎక్కువగా. నీడలోనే ఆరాలి. ఎండలో వేస్తే పైన పగుళ్లు వస్తాయి, ఇన్నాళ్ల కష్టం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. సగం ఆరాక గుంజకు చుట్టి లాగాలి, బండ మీద పరిచి కొయ్య గూటంతో మోదాలి, మళ్లీ ఆరబెట్టాలి, మళ్లీ లాగాలి. మెత్తదనం నూనెతో సగం, ఈ లాగుడుతో సగం. అడుగు తోలుకైతే లాగుడు తక్కువ, మోదుడు ఎక్కువ.

పటికతో నాలుగు రోజుల్లో అయిపోతుందని చెప్పేవాళ్లుంటారు. పటిక పట్టించిన తోలు తెల్లగా మెత్తగా ఉంటుంది, నిజమే. బాగా తడిస్తే పటిక కారిపోయి మళ్లీ పచ్చితోలే మిగులుతుంది. ఇక క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో అయ్యే పద్ధతిని మన దేశంలోకి తెచ్చింది ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మద్రాసులో. చెన్నైలో మన తెలుగువాళ్లు ఎందరో కాపురముంటున్న క్రోంపేటకు ఆ పేరు వచ్చింది అక్కడి క్రోమ్ తోళ్ల కర్మాగారం వల్లే. క్రోమ్ తోలును మరిగే నీళ్లలో వేసినా చెక్కుచెదరదు. ఇంట్లో మాత్రం ఆ పని తలపెట్టవద్దు. ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో తోళ్ల కర్మాగారాల మురుగు పాలారు నదినీ, బావులనూ ఏ స్థితికి తెచ్చిందో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో రాసి ఉంది.

అలాగని చెక్క పద్ధతి గంగాజలమేమీ కాదు. సహజం అనగానే అన్నీ మంచివే అనుకునే అలవాటు ఈమధ్య ఎక్కువైంది. సున్నపు నీళ్లు చెరువులో కలిస్తే చేపలు చస్తాయి. చెక్క నీళ్లు నల్లగా మారి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. బావికీ చెరువుకూ దూరంగా గుంట తీసి అందులో పోయండి. తీసేసిన కండా వెంట్రుకా పెంటకుప్పలో వేసి మట్టి కప్పితే మంచి ఎరువు.

ఈ శాస్త్రాన్ని బడిలో చదివి లోకం ముందు నిలబెట్టిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. 1922లో గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. బెనారస్‌లో చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, 1958లో మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనాలయానికి డైరెక్టరయ్యారు. తర్వాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి మొత్తానికి పెద్ద అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో పోయారు. ఊళ్లో లంద వైపు చూడటానికే ముక్కు మూసుకునే రోజుల్లో ఒక రైతుబిడ్డ తోలు చదువు చదవడం చిన్న సంగతి కాదు. ఆ చదువు అంతకు ముందు తరతరాలుగా ఎవరి పెరట్లో ఉందో, వాళ్ల బిడ్డల్లో ఆ పరిశోధనాలయం మెట్లెక్కే దారి ఎంతమందికి దొరికిందన్న ప్రశ్నను మాత్రం మనం దాటవేయకూడదు.

మోటలు పోయి మోటార్లు వచ్చాయి. కిర్రు చెప్పులు పోయి ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. పచ్చి తోళ్లు ఉప్పు పట్టించుకుని లారీలెక్కి రాణిపేటకూ, ఆంబూరుకూ, వాణియంబాడికీ పోతున్నాయి. ఊళ్లో లందలు పూడిపోయాయి. ఆ పని వదిలేసినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కంపు భరించి, చేతులు కాల్చుకుని, ఊరి చేత మాటలు పడి, చివరికి ఏడాదికి నాలుగు కుంచాల గింజలు పుచ్చుకున్న పనిని పిల్లలు చేయకూడదనుకోవడం న్యాయమే.

ఇప్పుడు మళ్లీ చెక్క తోలుకు గిరాకీ పెరుగుతోంది. పట్నాల్లో బెల్టులకూ సంచులకూ క్రోమ్ వద్దు, సహజమైనదే కావాలంటున్నారు. సరదాపడి ఇంట్లో చేసి చూద్దామనుకునే యువకులకు నా సలహా ఒకటే. మొదట మేక తోలు పట్టండి, వానాకాలం దాటాక మొదలుపెట్టండి. తంగేడు చెక్క కోసం కొమ్మలు నరకండి గానీ మొక్కను వేళ్లతో పీకకండి, మోడు నుంచి అది మళ్లీ చిగురిస్తుంది.

చేయలేం, తెలిసినవాళ్ల చేత చేయించుకుంటాం అంటారా, ఇంకా మంచిది. మీ మండలంలో లంద పని చేసిన పెద్దవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వెతికి వెళ్లండి. వాళ్లను బేరమాడే ముందు ఈ లెక్క వేసుకోండి. ఒక గేదె తోలుకు నెలన్నర, రోజూ రెండు పూటల పని, 30 కిలోల చెక్క కొట్టి వలిచి దంచే పని, సంచి కుట్టి రాత్రింబవళ్లు నీళ్లు పోసే పని. ఇవాళ మీ ఊళ్లో తాపీ మేస్త్రీకి రోజుకు ఎంత కూలి ఇస్తున్నారో, అంతకు రూపాయి తగ్గకుండా ఇవ్వండి.